అగ్రిఫౌండ్ లైట్ రెడ్ ఎర్రగడ్డ (ఉల్లి) విత్తనాలు: నెల్లూరులో మా మేడ మీద ఎలా వచ్చాయంటే

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు. తగ్గిన ఆ ఒక్కటీ విత్తనాన్ని బట్టి కాదు, ప్యాకెట్ సైజుని బట్టి.

దీనికంటే ముందు మా అక్క ఆన్‌లైన్లో కొని పంపిన ప్యాకెట్ ఒకటి వేశాం. మీద నిగనిగలాడే గడ్డల బొమ్మ, 'రెడ్ ఆనియన్' అన్న పేరు, అంతే. ఏ రకమో లేదు, పరీక్ష తేదీ లేదు. మొలిచినవే తక్కువ, మొలిచినవి కూడా ఆకు మీద ఆకు వేసుకుంటూ పోయాయి తప్ప గడ్డ ఊరలేదు. అది ఏ దేశం రకమో ఎవరికి తెలుసు. చలిదేశాల రకాలు కొన్నింటికి గడ్డ కట్టాలంటే రోజుకి 14 గంటలు, ఆ పైన పగటి వెలుతురు ఉండాలి, మన నెల్లూరులో జూన్ నెలలో కూడా పగలు 13 గంటల దగ్గరే ఆగిపోతుంది. అలాంటి విత్తనం వేస్తే ఎంత ఎరువు పోసినా ఉల్లికాడలే మిగులుతాయి. అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

ఈ లైట్ రెడ్ మాత్రం ఊళ్లో విత్తనాల షాపులో తీసుకున్నాను. ఎన్‌హెచ్‌ఆర్‌డీఎఫ్ (జాతీయ ఉద్యాన పరిశోధన, అభివృద్ధి సంస్థ) వాళ్ల రకం, యాసంగికి సరిపోతుంది. అదే సంస్థ వాళ్లదే డార్క్ రెడ్ అని ఇంకోటి ఉంది, అది వానాకాలానికి. షాపు అబ్బాయి "రెండూ ఒకటేలే అన్నా" అన్నాడు గానీ ఒకటి కాదు, వానాకాలం గడ్డ ఎక్కువ రోజులు నిలవ ఉండదు. లేబుల్ మీద రకం పేరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు అన్నీ ఉన్నాయి. ఉల్లికి మొలక కనీసం 70 శాతం ఉండాలి. తేదీ తప్పకుండా చూడండి, ఎందుకంటే ఉల్లి విత్తనం ఏడాది దాటితే చాలావరకు చచ్చిపోతుంది, కందుల్లాగా డబ్బాలో దాచిపెట్టుకుందాం అంటే కుదరదు.

గొడవంతా ఇక్కడే. గ్రాముకి 250 పైన గింజలుంటాయి, మేడ మీద నాలుగు టబ్బులకి రెండు మూడు గ్రాములు చాలు, షాపులో ఉన్న చిన్న ప్యాకెట్టే దానికి ఎన్నో రెట్లు. పక్కింటి పిన్నికీ, ఎదురింటి వాళ్లకీ పంచినా ఇంకా మిగిలింది. ఐదు గ్రాముల ప్యాకెట్ ఒకటి పెడితే వీళ్ల సొమ్మేం పోయిందో.

నారు అక్టోబర్లో పోయమని చాలామంది రాస్తారు. మనకి అప్పుడే తుపాన్లు, ముసురు. నీళ్లు నిలిస్తే నారు మొదలు కుళ్లి రాత్రికి రాత్రే వాలిపోతుంది. అందుకే వెడల్పు ట్రేలో పోసి రేకు కింద పెట్టాను. మొలక తలపిన్నులా వంగి పైకొస్తుంది, తర్వాత నిటారుగా లేచినప్పుడు కొసకి నల్లటి గింజ తొక్క అలాగే అంటుకుని ఉంటుంది. దాన్ని లాగకండి, మొలక తెగుతుంది. దగ్గరదగ్గరగా అన్నీ మొలిచాయి, ఈ విషయంలో వంక పెట్టే పని లేదు. ఆరేడు వారాల నారు, పెన్సిల్ కంటే సన్నగా ఉండగానే, జానెడుకి రెండు చొప్పున నాటాను.

మా బోరు నీళ్లు ఉప్పన. ఉల్లి ఉప్పుని అసలు ఓర్చుకోదు, ఆకు కొసలు ఎండిపోవడం మొదలైంది. కుళాయి నీళ్లకి మార్చాక కొత్త ఆకులు బాగానే వచ్చాయి. ఫిబ్రవరిలో ఆకుల మీద వెండి రంగు గీతలు పడ్డాయి, మొవ్వు విప్పి చూస్తే సన్నగా పాకుతున్న తామర పురుగులు. వేపనూనె కొట్టాను, పూర్తిగా పోలేదు గానీ అదుపులో ఉన్నాయి.

సగం మొక్కలు మెడ విరిగి వాలాక నీళ్లు ఆపి, కొన్నాళ్లకి పీకి, కాడతోనే నీడలో ఆరబెట్టి, రెండంగుళాలు ఉంచి కోశాం. బజారు గడ్డంత సైజు రాలేదు, టబ్బులో అంత రాదు కూడా. రంగు లేత ఎరుపు, ముదురు రంగు కావాలనుకునేవాళ్లకి నచ్చకపోవచ్చు, మా అమ్మకి నచ్చలేదు. ఘాటు మాత్రం గట్టిది, చేపల పులుసుకి తరుగుతుంటే ఇంట్లో అందరి కళ్లూ మండాయి. జాలీ సంచిలో గాలి తగిలేలా వేలాడదీసినవి ఎండాకాలం దాటినా మొలకెత్తలేదు.

నెల్లూరు చుట్టుపక్కల ఎవరైనా వేసేట్టుంటే నలుగురు కలిసి ఒక్క ప్యాకెట్ కొనుక్కోండి, ఈ ఏడు మిగిలిన గింజలు వచ్చే ఏటికి పనికిరావు.