జిరాక్స్ షాపుల లినక్స్ మింట్ ఇన్నేండ్లు వాడినంక: నన్ను గెలిచింది పెన్‌డ్రైవ్ కాడ

లినక్స్ అంటే విండోస్‌కు బదులు సిస్టంల ఎక్కిచ్చుకునేది, మింట్ అండ్ల ఒక రకం. అది ఫ్రీ, పాత సిస్టంల మీద కూడా నడుస్తది, ఇవన్నీ అందరు చెప్పేటియే, మళ్ల నేను చెప్పుడెందుకు. హన్మకొండల కేయూ క్రాస్ రోడ్ దిక్కు మాది జిరాక్స్, డీటీపీ షాపు. కరోనా తర్వాత మళ్ల తెరిచినప్పటి నుంచి కౌంటర్ మీది సిస్టంలల్ల మింటే నడుస్తుంది. ఇప్పుడు విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తోని సపోర్ట్ బంద్ అయింది, పాత ఐ3 డబ్బాలకేమో 11 ఎక్కదాయె, అందుకని పక్క షాపులోళ్లు వచ్చి "అన్నా ఎట్లుంది, పనులు నడుస్తయా, ఇంట్ల పోరగాళ్లు గేములు ఆడుకోవచ్చునా" అని ఒకటే అడుగుడు. అందుకే రాస్తున్న.

నడుస్తయి, చానవరకు. కానీ నాకు ఇది నచ్చింది వీటికి కాదు, పెన్‌డ్రైవ్‌కు.

జిరాక్స్ షాపోనికి తెల్వదా, ఒక్కో పెన్‌డ్రైవ్ ఎన్ని కాలేజీ ల్యాబులు తిరిగి మనకాడికి వస్తదో. ఆ షార్ట్‌కట్ వైరస్ ఉంటది సూడుండ్రి, పెట్టంగనే ఫోల్డర్లన్నీ ఒక్కో కేబీ షార్ట్‌కట్లయి కూసుంటయి, దాన్ని నొక్కినమా మన సిస్టంకు ఎక్కుతది, ఆడికెల్లి మనకాడ పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కు అంటుకుంటది, ఇగ మనమే ఊరందరికి పంచినట్టు. విండోస్ ఉన్నన్ని రోజులు యాంటీవైరస్‌కు పైసలు కట్టుడు, ఊకూకె ఫార్మాట్ కొట్టుడు, ఇదే లొల్లి.

ఒకసారి పొద్దుగూకినంక ఎంకామ్ చదివే పిల్ల వచ్చింది, తెల్లారితే ప్రాజెక్ట్ ఇయ్యాలె. అప్పటికే రెండు షాపులు తిరిగిందట, డేటా మొత్తం పోయింది, ఫార్మాట్ చేసుకో అన్నరట. ఏడుపు ఒక్కటే తక్కువ. "ఒక్కసారి ఇటియ్యమ్మా చూద్దాం" అని మింట్ సిస్టంకు పెట్టిన. తెరిస్తే ఒక షార్ట్‌కట్, ఒక వీబీఎస్ ఫైలు (అదే వైరస్ స్క్రిప్ట్), ఇంకొకటి పేరే లేని ఫోల్డర్. ఐకాన్ ఉంది, కింద పేరు కాడ ఖాళీ. దాన్ని నొక్కిన, ఆమె చాప్టర్లు, ప్రశ్నావళి, గైడ్ సార్ దిద్దిచ్చిన ఫైలు, చిన్నప్పటి ఫోటోలు సుతం అన్నీ అట్లనే ఉన్నయి. "అన్నా ఇది నా పెన్‌డ్రైవేనా" అన్నది.

ఇండ్ల మంత్రమేం లేదు. ఆ వైరస్ ఫైళ్లను కొట్టేయదు, కంటికి కనవడని స్పేస్ అక్షరం పేరుగ పెట్టి ఒక ఫోల్డర్ చేసి అండ్ల దాస్తది, దానికి హిడెన్, సిస్టం అని ముద్ర కొడ్తది. విండోస్ ఆ ముద్రను చూసి ఫోల్డర్‌ను కనవడనియ్యదు, లినక్స్ ఆ ముద్రను లెక్కనే చెయ్యదు. వీబీఎస్ విండోస్‌లనే నడిచేది కాబట్టి ఈడ కోరల్లేని పాము లెక్క పడి ఉంటది. విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌ల నడిపిచ్చే వైన్ అని ఒకటుంటది, కౌంటర్ సిస్టంలల్ల దాన్ని ఎక్కియ్యలే, అది కావాలనే. ఆ రాత్రి ప్రింట్లు తీసి బైండింగ్ చేసిచ్చిన, తర్వాత వాళ్ల క్లాసోళ్లు సగం మంది మాకాడికే వచ్చిండ్రు.

అయితే ఒకటి, పెన్‌డ్రైవ్ దానంతట అది సాఫ్ కాదు. ఆ షార్ట్‌కట్, వీబీఎస్ మనమే చేత్తోని తీసెయ్యాలె, ఫైళ్లు బయటికి తెచ్చి పెట్టాలె, మళ్ల అదే ల్యాబుల పెడితే మళ్ల అంటుకుంటది. విండోస్‌ల సరిగ్గ ఎజెక్ట్ చెయ్యకుండ పీకిన ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ తీరు ఫార్మాట్) హార్డ్‌డిస్కులైతే మింట్ కొన్నిసార్లు తెరవనే తెరవదు, విండోస్‌లకే తీస్కపోయి చెక్ కొట్టి తేవాలె. నిజం చెప్పాలంటే ఇప్పుడు పోరగాళ్లు చానమంది వాట్సప్‌లనే పంపుతున్నరు, పెన్‌డ్రైవ్ గిరాకీ మునుపటంత లేదు.

గేముల సంగతి మా అక్క కొడుకుని అడగాలె. కంప్యూటర్ గేములమ్మే స్టీమోళ్లు 2018ల ప్రోటాన్ అని విండోస్ గేములను లినక్స్‌ల నడిపిచ్చేది తెచ్చినప్పటి నుంచి విండోస్ గేములు చానా నడుస్తున్నయి, వాళ్ల చేతుల పట్టుకొని ఆడే స్టీమ్ డెక్ కూడా లినక్సే కదా. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 సీదా నడుస్తయి, జీటీఏ 5 స్టోరీ నడుస్తది. జీటీఏ ఆన్‌లైన్ మాత్రం 2024 సెప్టెంబర్‌ల యాంటీచీట్ (దొంగాటను పట్టేది) పెట్టినంక బంద్, ఎపెక్స్ అదే ఏడు లినక్సోళ్లను బయటికి పంపింది. వాలరెంట్ అయితే మొదలే లేదు, దాని యాంటీచీట్ విండోస్ గుండెకాయ లెక్కుండే కెర్నల్‌ల కూసుంటది. "మామా, దోస్తులందరు అదే ఆడుతుంటే నేనొక్కణ్ణి కథల గేములు ఆడాల్నా" అంటడు వాడు, వాని మాట తప్పేం కాదు. తన ల్యాప్‌టాప్‌ల విండోసే ఉంచుకున్నడు.

ఇగ దందా. జీఎస్టీ, కరెంట్ బిల్లు, బ్యాంక్, హాల్‌టికెట్లు, అంతా బ్రౌజర్‌లనే కాబట్టి ఫికర్ లేదు. వర్డ్ ఫైలు, దానికి బదులు ఈడ వాడే లిబ్రేఆఫీస్‌ల తెరిస్తే టైమ్స్ న్యూ రోమన్‌కు బదులొచ్చే ఫాంటు అంతే వెడల్పు ఉంటది, లైన్లు పెద్దగ జరగయి, టెక్స్ట్ బాక్సులు, ఫ్లో చార్టులే అటిటు పోతయి, అందుకే పీడీఎఫ్ తెమ్మంట.

అసలు గుంజేది తెలుగు డీటీపీ. పెండ్లి కార్డులు, మేడారం జాతర ముంగట పడే ఫ్లెక్సీల ఆర్డర్లు, అంతా అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఫొటోషాప్. అను విండోస్ కోసం చేసింది. ఏ సిస్టంలనైనా చదివే యూనికోడ్‌ల రామభద్ర, మండలి, మన బమ్మెర పోతన పేరు మీద పోతన, మంచి ఫాంట్లే ఉన్నయి, కానీ గిరాకీకి వాళ్ల అన్న పెండ్లి కార్డు మీది అక్షరమే కావాలె, పాత ఫైళ్లు సుతం అండ్లనే ఉన్నయాయె. అందుకని లోపలి రూంల ఒక విండోస్ సిస్టం ఉంచిన, నెట్ ఇయ్యకుండ. మొత్తం లినక్స్ అని చెప్పుకునే ముఖం నాకు లేదు.

నా తీరుగ కౌంటర్ మీద ప్రింట్లే బతుకైతే కండ్లు మూసుకొని ఎక్కియ్యొచ్చు. ఎదురుంగ ఎరువుల దుకాణం బాపు కూడా పెట్టియ్యమన్నడు, ఆయన లెక్కలన్నీ ట్యాలీల ఉన్నయి, అది విండోస్‌దే. మీ ఆడిటర్ను అడగకుండ దాని జోలికి పోకు బాపూ అన్న, పాత ల్యాప్‌టాప్ ఏమన్న ఉంటే తెమ్మన్న, మనవడు ఆడుకోనీకి.