తోకలో కన్నున్న చేప: కామెట్‌తో మా నాలుగేళ్లు

మా ఉప్పునీటి ట్యాంక్ ముందుకు వచ్చిన ప్రతి ఒక్కరూ ముందుగా చూసేది ఒక తోకను. నల్లటి ఒంటి మీద ఆవగింజలంత తెల్లచుక్కలు. వీపు రెక్క చివర కన్నులాంటి గుండ్రటి నల్లమచ్చ, దాని చుట్టూ లేత నీలి అంచు. రాతి గుహలోంచి జానెడులో సగం బయటికి వచ్చి, మనల్నే చూస్తున్నట్టు ఉంటుంది. అసలు తల గుహ లోపల ఉంటుంది.

మా నాన్నగారిది బందరు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సముద్రపు చేపలు చూస్తున్న మనిషి. మొదటిసారి హైదరాబాద్ అత్తాపూర్‌లోని మా ఇంటికి వచ్చి ఈ ట్యాంక్ ముందు కూర్చుని, "ఏరా, ఇందులో మలుగును వేశావేంట్రా? చెయ్యి పెట్టకు, కరుస్తుంది" అన్నారు. అది మలుగు కాదు, చేప తోక అని నేను చెప్పినా నమ్మలేదు. రాత్రి భోజనాలయ్యాక లైట్లు ఆర్పి చూపించాను. చేప మొత్తం బయటికి వచ్చాక ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈ చేప పేరు కామెట్, కొందరు మెరైన్ బెట్టా అంటారు. నా దగ్గరకు వచ్చి వచ్చే నెలకు నాలుగేళ్లు. ఉప్పు ఎంత కలపాలి, ఫిల్టర్ ఏది పెట్టాలి లాంటివి ట్యాంక్ ఉన్నవాళ్లకు తెలిసినవే కనుక వదిలేస్తున్నాను. నాది నాలుగడుగుల ట్యాంక్, 300 లీటర్లకు కాస్త తక్కువ. ఇంతకన్నా చిన్నదైతే ఈ చేపకు ఇరుకు.

అందరి ఇళ్లలోనూ ఉండే క్లౌన్ ఫిష్, నీలం డ్యామ్సెల్ కాకుండా ఇంకేదైనా పెంచాలన్న కోరిక నాకు మొదటి నుంచీ ఉంది. ముందు సముద్రపు గుర్రం మీద మోజు పడ్డాను. కానీ సముద్రపు గుర్రాలు, పైప్ ఫిష్‌లు, రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. ఎవరైనా లోపలి గదిలోంచి తెచ్చి చూపించినా సరే, కొనకూడదు. నా ట్యాంక్‌లో రాళ్లన్నీ సిరామిక్‌వి, మనిషి చేసినవే. తర్వాత మాండరిన్ అనే చేపను తెచ్చాను. దాని గురించి రాయాలంటే ఇప్పటికీ మనసు బాధగా ఉంటుంది. అంత అందమైన చేప ఇంకోటి ఉండదు. కానీ అది పొద్దస్తమానం రాళ్ల మీద పాకే చిన్న చిన్న బతికున్న పురుగులనే ఏరుకుని తింటుంది. కొత్త రాళ్లున్న నా ట్యాంక్‌లో ఆ పురుగులు ఎక్కడి నుంచి వస్తాయి? గడ్డకట్టిన మేత ముక్కు ముందు పెట్టినా చూసేది కాదు. రోజురోజుకూ పొట్ట లోపలికి పోయి, తల వెనక ఎముక తేలి, రెండు నెలల్లో నా కళ్ల ముందే పోయింది. అప్పటి నుంచి కొత్త చేప ఏది చూసినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఇది ఏం తింటుంది?

కామెట్‌ను ఎంచుకున్నది ఆ ప్రశ్నకు జవాబు దొరికాకే. చిన్న రొయ్యలు, చిన్న చేపలు తింటుంది, మెల్లగా గడ్డకట్టిన మేతకు అలవాటు పడుతుంది. జబ్బులు తక్కువ. 20 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అయితే నగరంలో దీన్ని వెతకడం ఒక పని. "కామెట్ ఉందా?" అని అడిగితే ప్రతి దుకాణంలోనూ కామెట్ గోల్డ్ ఫిష్ చూపించారు. ఫోన్‌లో ఫొటో పెట్టి చూపించాకే అర్థమయ్యేది. చివరికి ఒకాయన చెన్నై నుంచి తెప్పిస్తానని, నెలన్నరకు తెప్పించాడు. 6,500 రూపాయలు. వేలెడంత చేప. "పగలంతా ముందే తిరుగుతుంది అన్నా, ఫుల్ షో" అన్నాడు. నాకు ఆయన మీద ఉన్న కోపమల్లా ఆ ఒక్క మాట మీదే. కామెట్ రాత్రి తిరిగే చేప. పగలు గుహ వదలదు. ఆ సంగతి నేను కొంత చదివి ఉన్నాను కానీ, అమ్మేవాడు అంత గట్టిగా చెప్పేసరికి ఆశ పుట్టింది.

సంచిలోంచి ట్యాంక్‌లోకి వదిలాను. రెక్కలన్నీ ముడుచుకుని, ఎడమ వైపు పెద్ద రాయి కిందికి జారిపోయింది. అంతే. ఆ తర్వాత 19 రోజులు దాన్ని చూసినవాళ్లు లేరు.

మొదటి వారం బెంగగా గడిచింది. రెండో వారానికి టెన్షన్ పట్టుకుంది. ఆఫీసు నుంచి ఫోన్ చేసి "కనబడిందా?" అని మా ఆవిడను అడిగేవాణ్ణి. టార్చి పెట్టి రాళ్ల సందుల్లో వెతికితే చీకటి తప్ప ఏమీ లేదు. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పక్కనున్న చేప ఆకారపు భవనం మీదుగా వెళ్లినప్పుడల్లా "నాన్నా, మన చేప అందులోకి వెళ్లిపోయిందా?" అని అడిగేది. ఏం చెప్పాలో తెలిసేది కాదు. నాకున్న ధైర్యం ఒక్కటే: రోజూ నీళ్లలో అమ్మోనియా పరీక్ష చేస్తే సున్నా వచ్చేది. చేప చచ్చి రాళ్ల కింద కుళ్లుతుంటే అది పెరగాలి కదా. ఒక ఆదివారం ఉండబట్టలేక రాళ్లన్నీ తీసి చూస్తానని చేతులకు తొడుగులు వేసుకున్నాను. మా ఆవిడ అడ్డుపడింది. "బతికుంటే భయంతోనే చచ్చిపోతుందండీ, వదిలేయండి" అంది. వదిలేశాను. ఆ మాటకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

19వ రోజు మే నెలలో ఒక సాయంత్రం. ఈదురుగాలులు, వడగళ్లు, ఎక్కడో చెట్టు పడి కరెంటు పోయింది. ఇన్వర్టర్‌కు ట్యాంక్ పంపులు మాత్రమే కలిపి, ఇంట్లో లైట్లన్నీ ఆపేశాం. ట్యాంక్ లైటు కూడా లేదు. బాల్కనీలో కూర్చుని ఉంటే లోపలి నుంచి మా ఆవిడ గొంతు, గుసగుసగా: "ఏమండీ, ఇటు రండి. చప్పుడు చెయ్యకండి."

ఫోన్ వెలుతురును చున్నీ చాటున పెట్టి పట్టుకుని ఉంది. ఆ మసక వెలుగులో అది మొత్తం బయట ఉంది. వీపు రెక్క, తోక, పొట్ట కింది రెక్కలు, అన్నీ విసనకర్రల్లా విప్పుకుని, ఈదుతున్నట్టు కాక నీళ్లలో ఆరవేసిన పట్టుగుడ్డ కదులుతున్నట్టు ఉంది. నేను సంచిలో చూసిన చేపకు ఇది రెండింతలుగా కనబడింది. నాలుగు రోజుల కిందట రాళ్ల మధ్యకు వదిలిన బతికున్న ఆర్టీమియా (మేతగా వేసే చిన్న రొయ్యపురుగులు) ఒకటీ అరా మూలల్లో మిగిలి ఉన్నాయేమో, ఒకదాని మీద దాని చూపు పడింది. దగ్గరకు దూకలేదు. తల కిందికి వంచి, ఒళ్లు ఒక పక్కకు వాల్చి, ఒక్క కన్నుతో దాన్నే చూస్తూ, అర అంగుళం, అర అంగుళం చొప్పున జరిగింది. ఒక నిమిషం పైనే పట్టి ఉంటుంది. నోరు తెరిచినట్టు కూడా తెలియలేదు, ఆ పురుగు అక్కడ లేదు, అంతే. మేమిద్దరం ఊపిరి బిగబట్టి ఉన్నాం. అప్పుడు ఇన్వర్టర్ బీప్ మంది. ఒక్క మెలికలో గుహలోకి తల దూర్చేసి, తోకను మా వైపు విప్పింది. కన్నూ, దాని కింద రెండు రెక్కల మధ్య నోరులా తెరుచుకున్న సందూ. పక్కనే ఉన్న మా ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

ఆ భంగిమ గురించి 1977లో జాన్ మెకాస్కర్ అనే శాస్త్రవేత్త సైన్స్ పత్రికలో రాశారు. తెల్ల నోరు, ఒంటి నిండా చుక్కలు ఉండే ఒక రకం మోరే ఈల్, అంటే సముద్రపు మలుగు, ఉంది. రాతి సందులోంచి తల బయటపెట్టి కూర్చుంటుంది. బెదిరిన కామెట్ తన తోకతో ఆ తలను అనుకరిస్తుందని, వేటాడే చేపలు అది చూసి తగ్గుతాయని ఆయన వాదన. చదివి ఒప్పుకోవడం వేరు, మన హాల్లో మన కళ్లతో చూడటం వేరు. బందరు మనిషి మోసపోయాడంటే సముద్రంలో చేపలు మోసపోవడంలో వింతేముంది?

మా ట్యాంక్‌లో అప్పటికే ఒక డొమినో డ్యామ్సెల్ ఉండేది. నల్లటి ఒంటి మీద మూడు తెల్లచుక్కలు. వేలెడు లేదు కానీ మహా పొగరు. కామెట్ బయటికి వచ్చినప్పుడల్లా మీదికి దూకేది. మొదటిసారి కామెట్ తిరిగి తోక చూపించగానే డొమినో రెండడుగుల దూరంలో ఆగిపోయి, పక్కకు తిరిగి వెళ్లిపోయింది. ఆ రోజు నేను పొందిన ఆనందం చెప్పలేను. కనబడిన ప్రతివాడికీ చెప్పాను, ఈ చేపకు రక్షణ అక్కర్లేదు, తోకే చాలని.

ఆ మాట ఇప్పుడు అనను. ఐదారు నెలలకు డొమినోకు గుట్టు తెలిసిపోయింది. తోక చూపిస్తే ఆ తోకనే కొరకడం మొదలుపెట్టింది. ఒక ఉదయం చూస్తే ఆ కన్ను దగ్గర రెక్క చిరిగి, అంచు తెల్లబడి వేలాడుతోంది. ఆ రోజే డొమినోను పట్టి మిత్రుడి ట్యాంక్‌కు పంపించేశాను. రెక్క మళ్లీ మొలవడానికి ఆరు వారాలు పట్టింది. సముద్రంలో ఎదురుపడి వెళ్లిపోయే శత్రువుకు ఆ భయం సరిపోతుందేమో. నాలుగడుగుల గాజు పెట్టెలో రోజూ కనబడే పొగరుబోతుకు సరిపోదు. డ్యామ్సెల్స్, ట్రిగ్గర్ చేపలు ఉన్న ఇంట్లోకి కామెట్‌ను తేవద్దు.

దానికి ఇంకో వైపు కూడా ఉంది. ఇది సాధువులా కనబడుతుంది కానీ నోట్లో పట్టినదల్లా మింగుతుంది. రెండో ఏడు గ్రీన్ క్రోమిస్ అనే చిన్న చేప ఒకటి రాత్రికి రాత్రి మాయమైంది. ఎంతో ఇష్టపడి తెచ్చుకున్న క్లీనర్ రొయ్య పెంకు విడిచిన రాత్రే పోయింది. తప్పు చేపది కాదు, నాది.

తిండి విషయంలో ఓపిక ఉండాలి. మిగతా చేపలు మేత పడగానే ఎగబడతాయి, ఇది ఆలోచించి వచ్చేసరికి ఏమీ మిగలదు. అందుకే తొమ్మిదింటికి ట్యాంక్ లైట్ ఆరిపోవాలి. మిగతావి నిద్రకు సర్దుకున్నాక, పదిన్నర దాటాక, సిరంజికి పొడుగు గొట్టం తగిలించి గుహ నోటి దగ్గర నాలుగు మైసిస్ (చిన్న రొయ్యల మేత) వదులుతాను. బేగంబజార్ చేపల మార్కెట్‌లో మంచి రొయ్యలు దొరికినప్పుడు పెంకు తీసి, కడిగి, బియ్యపు గింజలంత ముక్కలు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటాను. ముక్కను కదలనివ్వాలి, కదలకపోతే చూడదు. ఇప్పుడు నా అడుగుల చప్పుడుకే తల బయట పెడుతుంది. ఆ తెల్లచుక్కల ముఖాన్ని ఎదురుగా చూస్తే రోజంతా పడ్డ అలసట దిగిపోతుంది.

జబ్బులు తక్కువ అన్నాను కదా. మూడో ఏడు నేను విడిగా పెట్టి చూడకుండా ఒక టాంగ్ చేపను వేసిన తప్పుకు ట్యాంక్ అంతా తెల్లచుక్కల రోగం వచ్చింది. మూడు చేపలు పోయాయి. కామెట్ మీద ఒక్క పొక్కు కూడా కనబడలేదు. అయినా దాన్ని కూడా విడి ట్యాంక్‌లో పెట్టే మందు చేశాను. ఒంటి మీదే తెల్లచుక్కలున్న చేప మీద రోగపు చుక్కను గుర్తుపట్టగలనన్న నమ్మకం నాకు లేదు.

ఎండాకాలం గురించి ఒక మాట. మన హైదరాబాద్ ఎండ పొడి ఎండ. ఫ్యాన్‌ను నీటి మీదికి తిప్పితే కూలర్‌లాగే పనిచేసి రెండు మూడు డిగ్రీలు దింపుతుంది. బందరులో ఈ పప్పులు ఉడకవు, అక్కడ గాలిలోనే చెమ్మ ఉంటుంది. కానీ మే నెలలో రోజుకు ఐదారు లీటర్లు ఆవిరైపోతాయి. ఆ లోటు ఆర్‌వో నీళ్లతోనే నింపాలి. ఉప్పు ఆవిరవదు కాబట్టి మళ్లీ ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు పెరుగుతూ పోతుంది. రెండేళ్లు ఫ్యాన్‌తో నెట్టుకొచ్చి, మూడో వేసవికి నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రం కొన్నాను. చేప ఖరీదు కన్నా అదే ఎన్నో రెట్లు ఎక్కువ.

మరి కొనమంటానా? నాది మధ్యాహ్నం షిఫ్టు. గచ్చిబౌలి నుంచి ఇల్లు చేరేసరికి పది దాటుతుంది. ఆ సమయానికి మేలుకుని నా కోసం ఎదురుచూసే చేప కాబట్టి నాకు ఇది కుదిరింది. సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చి పిల్లలతో కలిసి చూడాలనుకునేవాళ్లకు నెలల తరబడి ఖాళీ రాళ్లే కనబడతాయి. మా అమ్మాయికి ఇప్పటికీ క్లౌన్ ఫిష్‌లంటేనే ఇష్టం. తను నిద్రపోయాకే కదా కామెట్ లేచేది. శనివారం రాత్రుళ్లు మాత్రం బతిమాలి మేలుకుంటుంది.

వచ్చే జూన్‌లో నన్ను పగటి షిఫ్టుకు మార్చే మాట నడుస్తోంది. అదే జరిగితే పదిన్నర దాకా ఎవరు మేలుకోవాలి అని ఇంట్లో మాట వచ్చింది. "మీరు పడుకోండి, నేను వేస్తాను" అంది మా ఆవిడ. సిరంజి పట్టడం నిన్ననే నేర్పాను. కామెట్ మూడు మైసిస్ తింది, నాలుగోది వదిలేసింది.