ఫైర్ సిలిండర్: రీఫిల్ చేయించాలా, కొత్తది కొనాలా?

ఎండలు మొదలైతే చాలు, తెలిసిన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాళ్లంతా నన్ను అడిగేది ఇదే. "మెట్ల దగ్గర మంటలార్పే సిలిండర్లకు డేట్ అయిపోయిందండీ. రీఫిల్ చేయిస్తే సరిపోతుందా, కొత్తవి కొనమంటారా?" మా అపార్ట్‌మెంట్ లెక్కలు చూసేది నేనే కాబట్టి, ఈమధ్యే మేమూ ఇది తేల్చుకోవాల్సి వచ్చింది. కొన్నిటికి రీఫిల్ చేయించాం, మిగతావి మార్చేశాం.

తెలుగు రాష్ట్రాల్లో నివాస భవనాలకు అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తప్పనిసరి అయ్యేది 18 మీటర్లు దాటినప్పుడే. స్టిల్ట్ మీద ఐదంతస్తులు వేసుకున్న అపార్ట్‌మెంట్లు చాలావరకు ఆ ఎత్తుకు లోపలే ఉంటాయి. కాబట్టి మన సిలిండర్లు ఎలా ఉన్నాయని అడగడానికి సాధారణంగా ఎవరూ రారు. రీఫిల్ చేసేవాడు స్టిక్కర్ మార్చి వెళ్లిపోయినా పట్టుకునేవాళ్లు లేరు. ఏది మేలో తేల్చేటప్పుడు ధర కన్నా ముందు ఆలోచించాల్సింది దీన్నే.

అయినా అందరూ ధరతోనే మొదలుపెడతారు కాబట్టి ఆ లెక్క చూద్దాం. కారిడార్లలో ఉండేవి ఎక్కువగా 4 లేదా 6 కేజీల ఏబీసీ పౌడర్ సిలిండర్లు, అంటే కట్టె, నూనె, గ్యాస్ మంటలు మూడిటికీ పనికొచ్చేవి. దేశంలో ప్రమాణాలు నిర్ణయించే సంస్థ బీఐఎస్ వాళ్ల ఐఎస్ 2190 నిబంధనల ప్రకారం వీటి ఆయుష్షు 10 ఏళ్లు, 3 ఏళ్లకోసారి నీటితో ప్రెషర్ టెస్ట్ చేయించాలి. టెస్ట్ కోసం ఎలాగూ మొత్తం ఖాళీ చేయాలి కాబట్టి రీఫిల్ కూడా అప్పుడే అయిపోతుంది. మాకు వచ్చిన కొటేషన్లలో ఈ రెండూ కలిపి కొత్త సిలిండర్ ధరలో సగం దాకా పడింది. మూడో ఏట ఆ సగం పెట్టడం లాభమే. ఆరో ఏట కూడా, లోపల తుప్పు లేకపోతే, పెట్టొచ్చు. తొమ్మిదో ఏట మాత్రం వద్దు. ఒక్క ఏడాది కోసం సగం ధర పోసినట్టవుతుంది. ఈ ఏళ్లు లెక్కపెట్టాల్సింది స్టిక్కర్ మీది తేదీ నుంచి కాదు, బాడీ మీద ఉన్న తయారీ సంవత్సరం నుంచి. పైన మళ్లీ పెయింట్ వేసి ఆ అంకెలు కనబడకుండా చేసి ఉంటే ఇక ఆలోచించకండి, మార్చేయండి.

లెక్క ప్రకారం ఆరో ఏడు దాకా రీఫిలే గెలుస్తుంది. ఐతే ఆ రీఫిల్ నిజంగా జరిగిందా?

గేజ్ ముల్లు ఆకుపచ్చ గీతల మధ్య ఉంటే అంతా బాగున్నట్టే అనుకుంటాం. ఆ ముల్లు చెప్పేది ఒత్తిడి గురించి మాత్రమే. లోపల నింపింది పొడిగా ఉండే నైట్రోజనా, కంప్రెసర్ గాలా అన్నది దానికి తెలియదు. మామూలు గాలిలో తేమ ఉంటుంది, ఆ తేమ తగిలిన పౌడర్ వర్షాకాలంలో డబ్బాలో ఉప్పులా గడ్డకడుతుంది. అవసరం పడి పిన్ను లాగి నొక్కితే గ్యాస్ బుస్సుమంటుంది గానీ పౌడర్ సరిగా రాదు. పౌడర్‌లోనూ తేడాలున్నాయి. మంటను ఆర్పే అసలు పదార్థమైన మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ 90 శాతం ఉన్నదీ దొరుకుతుంది, 50 శాతం ఉన్నదీ దొరుకుతుంది. బిల్లు మీద మాత్రం రెండూ 'ఏబీసీ పౌడర్' అనే రాస్తారు, శాతం రాయమని మనం అడగాలి. ఇంకా ప్రమాదం ఏంటంటే, నూనె, గ్యాస్ మంటలకు వాడే, బైకార్బొనేట్ ఉండే బీసీ పౌడర్‌ను దీంతో కలపడం. తేమ తోడైతే రెండూ రసాయన చర్య జరిపి లోపల గ్యాస్ పుడుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. అందుకే "ఉన్నదాని మీద కాస్త పోసి టాప్ చేస్తాం సార్" అంటే ఒప్పుకోకండి.

మేము రీఫిల్ చేయించినవాటిని మా సెల్లార్‌లోనే, వాచ్‌మన్ ముందూ నా ముందూ చేయించాం. కుర్రాడు ముందు గ్యాస్ వదిలేసి, పైన వాల్వ్ విప్పి, పౌడర్‌ను గోనెపట్టా మీద ఒంపాడు. రెండు సిలిండర్లలో అది ధారగా రాలేదు, నిమ్మకాయంత ఉండలు పడ్డాయి. వాటి గేజులు అంతకుముందు రోజు కూడా ఆకుపచ్చలోనే ఉన్నాయి! మెడ దగ్గరి రబ్బరు రింగు మార్చి, మర చుట్టూ అంటిన పౌడర్ తుడిచి, నైట్రోజన్ ఎక్కించాక సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూశాడు. చివరికి తూకం వేసి, బాడీ మీద అచ్చు వేసిన నిండు బరువుతో సరిచూశాం. పని అంతా ఇంతే, దాచి చేయాల్సిందేమీ లేదు. ప్రెషర్ టెస్ట్‌కు మాత్రం వర్క్‌షాప్‌కు పంపక తప్పదు. అప్పుడు టెస్ట్ తేదీ బాడీ మీద వేయించుకోవాలి, కాగితం మీద సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు.

ఎదురుగా విప్పి నింపేవాడు దొరికితే ఆరేళ్ల లోపు వాటికి రీఫిల్ చేయించండి. "మా గోడౌన్‌కు తీసుకెళ్లి రేపు తెస్తాం" అనేవాడు తప్ప దొరక్కపోతే, సిలిండర్ మూడేళ్లదే అయినా నేను కొత్తదే కొంటాను. కొత్తదాంట్లో ఏముందో కనీసం ఒక కంపెనీ పూచీ ఉంటుంది. ఇళ్లలోనూ కార్లలోనూ పెట్టుకునే ఒకటి, రెండు కేజీలవాటికైతే ఈ చర్చే అక్కర్లేదు, రీఫిల్ ఖర్చు కొత్తదాని దగ్గరదగ్గరగా వస్తుంది.

అలాగని కొత్తదాన్ని కళ్లు మూసుకుని కొనకూడదు. ఐఎస్ఐ గుర్తు, ఈ సిలిండర్ల ప్రమాణమైన ఐఎస్ 15683 అన్న నంబరు, దాంతోపాటు తయారీదారుకు బీఐఎస్ ఇచ్చే సీఎం/ఎల్ లైసెన్సు నంబరు ఉండాలి. ఆ లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. తయారీ సంవత్సరం కూడా చూసుకోండి. రెండేళ్ల కిందటి స్టాక్ అంటగడితే మీ పదేళ్లలో రెండు అప్పటికే పోయినట్టు.

లిఫ్ట్ రూమ్, కరెంటు ప్యానెల్ దగ్గరుండే సీవోటూ సిలిండర్ల సంగతి వేరు. ఇక్కడ నేను రీఫిల్ వైపే. ఆ మందపాటి ఉక్కు సిలిండర్‌దే అసలు ఖరీదు, ఆయుష్షు 15 ఏళ్లు, ప్రెషర్ టెస్ట్ 5 ఏళ్లకోసారి. గేజ్ ఉండదు కాబట్టి తూకమే ఆధారం. గ్యాస్ బరువు పదో వంతు కన్నా ఎక్కువ తగ్గితే నింపించాలి. మోసాన్ని మన కాటా మీదే పట్టేయొచ్చు కాబట్టి నమ్మకం సమస్య కూడా తక్కువే.

ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) ఇవ్వమంటారా అని కూడా అడుగుతుంటారు. ఇవ్వండి, కాకపోతే అందులో ఏ పనులు చేస్తారో రాయించుకోండి. నిప్పులోకి విసిరే ఫైర్ బాల్ అదనంగా ఉంచుకోవచ్చు గానీ, సిలిండర్ తీసేసి దాన్ని పెట్టకండి.

మార్చేసిన పాతవాటిని వెంటనే పాత సామాన్ల బండికి వేయొద్దు. ఒక ఆదివారం ఖాళీ స్థలంలో అందరితో ఒక్కోటి నొక్కించండి. 6 కేజీల సిలిండర్ పావు నిమిషం అటూ ఇటూగా అయిపోతుందని అప్పుడు తెలుస్తుంది. అలా పూర్తిగా ఖాళీ చేసి, వాల్వ్ విప్పి వేరుగా ఇచ్చాకే తూకానికి వేయండి. ఒత్తిడి ఉన్న సిలిండర్‌ను పాత ఇనుము దుకాణంలో కట్టర్‌తో కోస్తే ప్రాణాల మీదకు వస్తుంది.