జర్మనీలో ఒక సెమిస్టర్: విశాఖ నుంచి వెళ్లేవాళ్లు ముందు చూసుకోవాల్సింది గది

ఎక్స్ఛేంజ్ మీద విశాఖ నుంచి జర్మనీ వెళ్లేవాళ్లు నెలల తరబడి ఆలోచించేది కోర్సుల గురించి. అక్కడ దిగాక మొదటి నెలంతా గది చుట్టూనే తిరుగుతుంది. ఏ పనికి వెళ్లినా ముందు చిరునామా అడుగుతారు. గదిలో చేరిన రెండు వారాల్లోపు ఆ ఊరి కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. దాన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. దీనికి అద్దె ఒప్పందం చాలదు, ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన వేరే కాగితం కావాలి. నమోదు కాకపోతే వీసా పొడిగింపు ఆగుతుంది, చాలా బ్యాంకుల్లో ఖాతా తెరవరు. ఖాతా లేకపోతే బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలనెలా కొంత చొప్పున తీసుకునే ఖాతాలో) వేసిన మీ డబ్బే మీ చేతికి రాదు. అందుకే గది చూసేటప్పుడు అద్దె కంటే ముందు అడగాల్సిన ప్రశ్న: ‘ఇక్కడ అన్‌మెల్డుంగ్ కుదురుతుందా?’

ఒక్క సెమిస్టర్ కోసమైతే విద్యార్థుల వసతి, భోజనం చూసే స్టుడీరెండెన్‌వెర్క్ అనే సంస్థ నడిపే హాస్టలే మేలు. అద్దె ఊరిని బట్టి సుమారు 250–400 యూరోలు. హీటింగ్, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ సాధారణంగా అందులోనే కలిసి ఉంటాయి. చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఒప్పందం చాలాసార్లు అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా ఉంటుంది. ఫిబ్రవరిలో పరీక్షలు అయిపోయి వచ్చేసినా మార్చి అద్దె కట్టాల్సిందే. రెండోది తాళాలు. వాటిని పనిదినాల్లో, ఆఫీసు వేళల్లోనే ఇస్తారు. శుక్రవారం రాత్రి దిగితే సోమవారం దాకా హోటల్ ఖర్చు తప్పదు. విశాఖ నుంచి హైదరాబాద్ మీదుగా వెళ్లినా, ఢిల్లీ మీదుగా వెళ్లినా సోమ–గురువారాల మధ్య ఉదయం దిగేలా టికెట్ తీసుకోండి. దుప్పటి, దిండు, గిన్నెలు గదిలో ఉంటాయని అనుకోవద్దు.

మరికొందరితో కలిసి ఉండే ఫ్లాట్‌ను వేగే అంటారు. జర్మన్ భాష పట్టుబడాలంటే ఇంతకు మించిన చోటు లేదు. అయితే ప్రకటనలో కాల్ట్‌మీటే అని ఉంటే అది హీటింగ్ కలపని అద్దె. వార్మ్‌మీటే అని ఉన్నా కరెంటు, ఇంటర్నెట్ వేరేనేమో అడగాలి. డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటేకు మించకూడదని చట్టం చెబుతోంది, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. ‘నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను’ అనేవాళ్లకు పైసా పంపొద్దు. సామాన్లతో సహా ఇచ్చే ప్రైవేటు అపార్ట్‌మెంట్లు అన్నిటికంటే ఖరీదు. పైగా తక్కువ రోజులకు ఇచ్చేవాటిలో చాలా చోట్ల నమోదుకు ఒప్పుకోరు.

డబ్బు లెక్క: 2024 సెప్టెంబర్ నుంచి బ్లాక్డ్ అకౌంట్‌కు నెలకు 992 యూరోలు చూపించాలి, ఆరు నెలలకు 5,952. ఆరోగ్య ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది తొందరపడతారు. చవగ్గా ఉందని ప్రైవేటుది తీసుకుని ప్రభుత్వ బీమా నుంచి మినహాయింపు రాయించుకుంటే, ఆ చదువు పూర్తయ్యేదాకా వెనక్కి రాలేరు. అక్కడే మాస్టర్స్‌కు ఉండిపోవాలన్న ఆలోచన ఉన్నవాళ్లు దీన్ని రెండుసార్లు ఆలోచించాలి.

పెట్టెలో ఏం పెట్టాలన్నది ఇంట్లో అమ్మానాన్నలకు కూడా తెలియాలి. యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లనివ్వరు. చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఆగిపోతాయి. రొయ్యల పచ్చడికి ఆ నిషేధం లేదు. పచ్చి కరివేపాకు కుదరదు, కరివేపాకు పొడి పట్టుకెళ్లండి. ఆవకాయ హ్యాండ్ బ్యాగులో వద్దు, చెకిన్‌లో వేయండి. కరెంటు మన 230 వోల్టులే, కానీ మిక్సీ మూడు పిన్నుల ప్లగ్‌కు అడాప్టర్ కావాలి. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు. తాలింపు పెట్టేటప్పుడు కిటికీ తెరవండి, గది తలుపు మూయండి. పొగకు అలారం మోగి ఫైరింజన్ వస్తే ఆ ఖర్చు మీ మీద పడొచ్చు.

చదువు విషయంలో ఒక్క జాగ్రత్త. క్లాసులో కూర్చుంటే పరీక్ష రాయనిస్తారని కాదు, చాలా యూనివర్సిటీల్లో పరీక్షకు ఆన్‌లైన్‌లో విడిగా పేరు ఇవ్వాలి. గడువు దాటితే ఆ క్రెడిట్లు పోయినట్టే. అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 పాస్, 5.0 ఫెయిల్. మన పది పాయింట్ల పద్ధతిలోకి దాన్ని ఎలా మారుస్తారో బయల్దేరే ముందే ఇక్కడి డిపార్ట్‌మెంట్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు అదే కార్యాలయంలో పేరు తీయించుకుని ఆ పత్రం దాచుకోవాలి. ఇంటింటికీ నెలకు 18.36 యూరోల చొప్పున కట్టే రేడియో, టీవీ రుసుము ఆపించడానికి దాన్నే అడుగుతారు. గది అప్పగించేటప్పుడు గోడలు, నేల, స్టవ్ ఫోటోలు తీసి, ఉన్న స్థితి రాసిన కాగితం మీద మీరు, ఇల్లు ఇచ్చినవాళ్లు ఇద్దరూ సంతకం చేయండి. డిపాజిట్ వెంటనే చేతికి రాదు, కొన్ని నెలలు పట్టొచ్చు. అది జమ అయ్యేదాకా అక్కడి బ్యాంకు ఖాతా మూయొద్దు.