క్లాటా, లాసెటా? లా చదవాలనుకునే మన పిల్లలకు ఏది మేలు?

దేశంలోని నేషనల్ లా యూనివర్సిటీల్లో సీటుకు రాసేది క్లాట్, తెలంగాణ, ఏపీల్లోని లా కాలేజీల్లో సీటుకు రాసేది లాసెట్. క్లాట్ కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిందని తెలిశాక ఫ్రీజ్ చేయాలా (అదే సీటు ఖాయం చేసుకోవాలా), ఫ్లోట్‌లో పెట్టాలా (ఇంకా మంచిది వస్తుందేమో చూడాలా), వదిలేయాలా అని తేల్చుకోవడానికి దొరికేది కొద్ది రోజులే. డబ్బు కట్టాల్సిందీ ఆ గడువులోనే. ఆ కంగారులో ఇంటిల్లిపాదికీ ‘నేషనల్ లా యూనివర్సిటీ’ అన్న పేరు ఒక్కటే కనిపిస్తుంది. అది ఏ రాష్ట్రంలో ఉంది, ఖర్చెంత, చదువయ్యాక పిల్లలు ఏ కోర్టులో నిలబడతారు అన్న సంగతులు పక్కకు పోతాయి. అందుకే ఈ లెక్క ర్యాంకు రాకముందే వేసుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బెంగళూరు నేషనల్ లా స్కూల్ (ఎన్‌ఎల్‌ఎస్)లోనో మన హైదరాబాద్ లా వర్సిటీ నల్సార్‌లోనో సీటు వస్తే అప్పు చేసైనా చేరడం మేలు. ఎక్కడో దూరాన, ఇటీవలే పెట్టిన లా వర్సిటీలో లక్షల అప్పుతో చేరడం కంటే, మన కోర్టుల్లో ప్రాక్టీసు చేయాలనో జడ్జి కావాలనో అనుకునేవారికి లాసెట్ ద్వారా మంచి యూనివర్సిటీ కాలేజీ దొరికితే అదే మేలు. ఎందుకో చెబుతాను.

పరీక్షల తీరే వేరు

క్లాట్ 2008లో మొదలైంది. అంతకుముందు ఏ లా వర్సిటీ పరీక్ష ఆ వర్సిటీదే. ఇప్పుడు నేషనల్ లా వర్సిటీల కన్సార్టియం నడుపుతోంది. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పు రాస్తే పావు మార్కు కోత. పరీక్ష ఇంగ్లిష్‌లో మాత్రమే. ఇంగ్లిష్, వర్తమాన వ్యవహారాలు, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, లెక్కలు అని ఐదు విభాగాలు. ప్రశ్నలన్నీ ప్యాసేజీల మీదే వస్తాయి. చాలా ప్యాసేజీలు దాదాపు 450 పదాలుంటాయి. అవన్నీ చదివి, అర్థం చేసుకుని, జవాబు పెట్టడానికి సగటున ప్రశ్నకు ఒక్క నిమిషం.

లాసెట్‌కు 90 నిమిషాలు, 120 ప్రశ్నలు. నెగెటివ్ మార్కులు లేవు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీకి 30, వర్తమాన వ్యవహారాలకు 30, న్యాయశాస్త్ర అభిరుచికి 60. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీలకు ఆ పరిమితి కూడా లేదు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. పల్లెటూరి జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం చదివిన అమ్మాయికి ఇది చిన్న సంగతి కాదు.

తేడా దగ్గరగా చూడాలంటే ఇలా ఊహించండి. లాసెట్‌లో ‘ఆర్థిక అత్యవసర పరిస్థితి రాజ్యాంగంలోని ఏ అధికరణ కింద విధిస్తారు?’ అని అడుగుతారు. 360 అని తెలిస్తే మార్కు, తెలియకపోతే లేదు. క్లాట్‌లో మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదని వివరించే ప్యాసేజీ ఇస్తారు. ఆ తర్వాత కథ మొదలవుతుంది: పదిహేడేళ్ల కుర్రాడు వయసు దాచి బైకు కొన్నాడు, వాయిదాలు ఎగ్గొట్టాడు, అమ్మినవాడు కోర్టుకెళ్లాడు. ఇక్కడ 1903లో ప్రివీ కౌన్సిల్ మోహరీ బీబీ కేసులో ఏం చెప్పిందో తెలియక్కర్లేదు. కుర్రాడు అబద్ధమాడాడు కాబట్టి కట్టాల్సిందే అని మనసు చెబుతుంది. ప్యాసేజీలో ఇచ్చిన సూత్రం ఏం చెబుతోందో దానికే కట్టుబడి జవాబు పెట్టాలి. లాయరు రోజూ చేసే పని అదే. అందుకే క్లాట్‌కు చదవడం ఎప్పుడూ వృథా కాదంటాను, సీటు రాకపోయినా సరే.

ఇంగ్లిష్ దినపత్రికలో సంపాదకీయం ఒక్క పట్టున చదివి, రచయిత వాదన ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పగలరా? చెప్పగలిగితే క్లాట్ అందేదే. ఇంకా తడబడుతుంటే కోచింగ్ ఫీజు కట్టే ముందు కొన్ని నెలలు అదొక్కటే చేయండి. మాక్ టెస్టులు ఆ తర్వాత.

ఢిల్లీ నేషనల్ లా వర్సిటీ మాత్రం క్లాట్‌లో లేదు. దానికి ఐలెట్ అని వేరే పరీక్ష, 150 ప్రశ్నలు. క్లాట్‌కు చదివేవారు అదీ రాసేయొచ్చు.

డబ్బు లెక్క

చాలా ఇళ్లలో దీన్ని చివర్లో చూస్తారు. మొదట చూడాల్సింది ఇదే.

లా వర్సిటీల్లో ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి మూడు లక్షలనుకుందాం. ఐదేళ్లకు పదిహేను లక్షలు. బ్యాంకు లోను పది శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు ఇరవై వేలు. ఇప్పుడు మరో వైపు చూడండి. పట్టణాల్లో జూనియర్ లాయర్లకు నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సిఫార్సు చేసింది. అది సిఫార్సే, తప్పనిసరి కాదు. అంతకన్నా తక్కువకు పనిచేసే జూనియర్లు మన కోర్టుల్లో ఎందరో. అంటే వాయిదా కట్టడానికే జీతమంతా పోతుంది. అప్పుల భారంతో వచ్చినవాళ్లు కోర్టులో నిలదొక్కుకునేదాకా ఆగలేరు. ఇష్టం లేకపోయినా కార్పొరేట్ ఉద్యోగం వెతుక్కోవాలి. ఆ ఉద్యోగాల కోసం పెద్ద లా ఫర్ములు ముందుగా చూసేది పాత, పేరున్న లా వర్సిటీలనే. అడుగున ఉన్న వర్సిటీలో చేరినవారికి ఇటు అప్పూ మిగులుతుంది, అటు ఆ తలుపూ సగమే తెరుచుకుంటుంది.

లాసెట్ ద్వారా యూనివర్సిటీ కాలేజీలో చేరితే ఫీజు దీనికి దరిదాపుల్లో కూడా ఉండదు. అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. ప్రైవేటు కాలేజీల్లో ఎక్కువే అయినా లక్షల అప్పుదాకా సాధారణంగా పోదు.

తెలివి ఉండి స్తోమత లేని పిల్లలకు ఒక మాట. ఐడియా అనే సంస్థ 2010 నుంచి అలాంటివారికి క్లాట్ శిక్షణ ఇచ్చి, సీటు వచ్చాక చదువుకు అండగా ఉంటోంది. నల్సార్‌లో తెలంగాణ స్థానికులకు, విశాఖ దామోదరం సంజీవయ్య వర్సిటీలో ఏపీ స్థానికులకు కొన్ని సీట్లు ప్రత్యేకంగా ఉన్నాయి. కాబట్టి డబ్బు లేదని క్లాట్ ఫారమే నింపకుండా ఉండకండి.

చదువయ్యాక ఎక్కడ?

ఏ కాలేజీలో చదివినా బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కావాలి, ఆలిండియా బార్ పరీక్ష పాస్ కావాలి. నల్లకోటు అందరికీ ఒకటే. పైగా 2025 మేలో సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది. జడ్జి కావాలనుకునేవారు ఇక డిగ్రీ చేతికి రాగానే పరీక్ష రాయలేరు, ముందు కోర్టు మెట్లెక్కాలి.

ఆ మెట్ల దగ్గర మాట్లాడేది తెలుగు. భూమి తగాదాలో క్లయింటు తెచ్చేది పహాణీ, అడంగల్, ఎప్పటిదో చేతిరాత దస్తావేజు. సాక్షి మాటలో మెలిక పట్టుకోవాలంటే ఆ ఊరి భాష చెవికి అలవాటై ఉండాలి. చదువుకునే రోజుల్లోనే సెలవుల్లో స్థానిక సీనియర్ దగ్గర కూర్చున్నవాళ్లకు ఇది అబ్బుతుంది. అయితే హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో వాదనలు ఇంగ్లిష్‌లోనే కాబట్టి, లాసెట్ దారిలో వెళ్లేవారు ఇంగ్లిష్ డ్రాఫ్టింగ్‌ను సొంతంగా గట్టిగా సాధన చేయాలి. చాలా కాలేజీల్లో మూట్ కోర్టు (విద్యార్థులు కోర్టులోలా వాదించే సాధన) పేరుకే ఉంటుందన్నది ఈ దారిలో అసలైన లోటు. దీన్ని కప్పిపుచ్చడం నాకిష్టం లేదు.

ఇంకా మనసు తేలనివారు డిగ్రీ చేసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ రాయొచ్చు. ఒక ఏడాది ఎక్కువ, అంతే. పదిహేడేళ్లకే తేల్చుకోలేకపోవడం నేరమేమీ కాదు.

రెండూ రాయొచ్చు

అసలు ఒకటే ఎంచుకోవాలన్న నిబంధన లేదు. క్లాట్ కొన్నేళ్లుగా డిసెంబరులో జరుగుతోంది, లాసెట్ వేసవిలో ఉంటుంది. మధ్యలో ఇంటర్ పరీక్షలు. క్లాట్‌కు చదివినవారికి లాసెట్‌లో విడిగా చదవాల్సింది ముఖ్యంగా రాజ్యాంగం, ప్రాథమిక న్యాయ సూత్రాలు, స్టాక్ జీకే (ఏటా మారని జనరల్ నాలెడ్జ్). ఒకటే ఇబ్బంది, లాసెట్ అడ్మిషన్లు ఆలస్యంగా మొదలవుతాయి. లా వర్సిటీలో క్లాసులు మొదలయ్యాక కూడా ఇక్కడ వెబ్ ఆప్షన్ల కోసం ఎదురుచూడాల్సి రావచ్చు. ఆ ఒత్తిడిలో దొరికిన సీటు పట్టేసుకోకుండా, అప్పు చేసైనా చేరదగ్గ వర్సిటీల పేర్లు డిసెంబరుకు ముందే కాగితం మీద రాసుకోండి. ఆ జాబితాలో లేనిది వస్తే వదిలేయండి.

లాసెట్ వెబ్ ఆప్షన్లలో యూనివర్సిటీ సొంత కాలేజీలను పైన పెట్టండి. అందులో ఐదేళ్ల కోర్సు ఉందో, మూడేళ్లదే ఉందో చూసుకోండి. ప్రైవేటు కాలేజీ పెట్టే ముందు ఆ కోర్సుకు, ఆ ఏడాదికి బార్ కౌన్సిల్ అనుమతి ఉందో లేదో కనుక్కోండి. ‘రాకపోయినా పర్లేదు, హాజరు మేం చూసుకుంటాం’ అని చెప్పే కాలేజీని జాబితాలోంచి కొట్టేయండి. క్లాసు జరిగే సమయంలో ఒక్కసారి అక్కడికి వెళ్లి, మేష్టారు పాఠం చెబుతున్నారో లేదో మీ కళ్లతో చూడండి.