స్మోలాండ్‌లో పాత చైన్‌సాల వేట: డబ్బిచ్చే ముందు సైలెన్సర్ విప్పించండి

500 క్రోనార్లు (స్వీడన్ కరెన్సీ) అడ్వాన్సు పంపి, అరవై కిలోమీటర్లు వెళ్లి, చైన్‌సా కొనకుండా ఉత్త చేతులతో వెనక్కి వచ్చాం. అడ్వాన్సు మాత్రం వెనక్కి రాలేదు. స్వీడన్‌లో పాత చైన్‌సాలు, అంటే చెట్లు కోసే పెట్రోలు రంపాలు, కొనాలనుకునే మనవాళ్లెవరైనా ఇది చదివాకే బయల్దేరాలని రాస్తున్నాను.

పాత చైన్‌సాలు తెచ్చి, విప్పి, మళ్లీ పలికించి దాచుకోవడం నాకు ఇష్టం. మా తోడల్లుడి ఉద్యోగం గోథెన్‌బర్గ్‌లో. వేసవిలో వాళ్లింటికి వెళ్లినప్పుడు నేను అడిగింది ఒక్కటే, నన్ను స్మోలాండ్ తీసుకెళ్లమని. అంతా అడవే ఆ ప్రాంతం. 2005 జనవరిలో గుద్రున్ తుఫాను దక్షిణ స్వీడన్‌లో సుమారు ఏడున్నర కోట్ల ఘనపు మీటర్ల కలపను నేలకూల్చింది. అక్కడి రైతు ఇళ్లలో రంపం లేని కొట్టం దొరకడం కష్టం. తాత వాడినది ఒకటి, తండ్రి వాడినది ఒకటి మూలన పడి ఉంటాయి.

కారు అద్దె రోజుకు 690 క్రోనార్లు. గోథెన్‌బర్గ్ నుంచి స్మోలాండ్‌లోని యాన్‌షోపింగ్‌కు 40వ నంబరు రోడ్డు మీద నూటయాభై కిలోమీటర్లకు కాస్త తక్కువ. రోడ్డు బాగుంది, చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

ఇక ఆ అమ్మకందారు సంగతి. ప్రకటనలో హుస్క్వర్నా 180 అని ఉంది, స్వీడన్ కంపెనీ హుస్క్వర్నా చేసిన రంపం, ధర 2,400. ‘బాగా నడుస్తుంది, పోయిన వారమే కట్టెలు కోశాను’ అని రాశాడు. 180 మీద నాకు చాలాకాలంగా మనసుంది. 1969లో వచ్చిన ఈ మోడల్‌లో ఇంజను అదురు చేతులకు తగలకుండా ఏర్పాటు ఉంది. అంతకుముందు ఏళ్ల తరబడి రంపం పట్టిన అడవి కూలీలకు వేళ్లు తెల్లబడి, మొద్దుబారి, పట్టు పోయేది. ఆ బాధను తగ్గించిన యంత్రాల్లో ఇదొకటి కాబట్టి నా దగ్గర ఉండాలనుకున్నాను. ‘ఇంకొకరు కూడా అడుగుతున్నారు, 500 పంపితే పక్కన పెడతాను’ అన్నాడతను. అక్కడ ఫోన్‌లో డబ్బు పంపే యాప్ స్విష్‌లో పంపాలంటే అక్కడి బ్యాంకు ఖాతా ఉండాలి కాబట్టి తోడల్లుడే పంపాడు.

మేం వెళ్లేసరికి యంత్రం వాకిట్లో బల్ల మీద ఉంది. తాడు ఒక్కసారి లాగగానే అందుకుంది. మా తోడల్లుడి మొహం వెలిగిపోయింది. నేను సిలిండర్ రెక్కల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. అప్పుడే అందుకున్న ఇంజను అలా కాలదు. మేం రాకముందే చాలాసేపు నడిపి వేడి చేసి ఉంచాడన్నమాట. చల్లబడ్డాక మళ్లీ లాగుదామంటే అతనికి నచ్చలేదు. అయినా అరగంట ఆగాం. తర్వాత ఎంత లాగినా అందుకోలేదు. తాడు బరువే లేకుండా వచ్చేస్తోంది, కంప్రెషన్ లేదు, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకోవట్లేదు.

‘సైలెన్సర్ విప్పి చూస్తాను, నా పానాలే ఉన్నాయి’ అని అడిగించాను. విప్పడానికి రెండు నిమిషాలు. పొగ బయటికొచ్చే రంధ్రంలోంచి టార్చి వేస్తే పిస్టన్ పక్క భాగం కనిపిస్తుంది. బాగున్న పిస్టన్ మీద తయారీలో పడిన సన్నటి అడ్డగీతలు ఇంకా ఉంటాయి. ఇక్కడ పైనుంచి కిందికి లోతుగా చీరుకుపోయింది. నూనె తక్కువైన పెట్రోలు పోసో, ఎక్కడో గాలి పీలుస్తున్నా పట్టించుకోకుండా నడిపో ఇంజను పట్టేసిందని దాన్నిబట్టి తెలుస్తుంది. 

పట్టేసిన ఇంజను అంటే చచ్చిన ఇంజను కాదు, అది కూడా చెప్పాలి. లోపలి క్రోమ్ పూత లేవకపోతే, సిలిండర్ గోడకు అంటుకున్న పిస్టన్ అల్యూమినియాన్ని కాస్టిక్ సోడాతో కరిగించొచ్చు. పూత లేనిచోట తగిలితే సిలిండర్‌నే తినేస్తుంది కాబట్టి దూదితో అద్దుతూ, చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని చేయాలి. కొత్త పిస్టన్, రింగులు వేస్తే యంత్రం నిలబడుతుంది. అందుకే 900కి ఇమ్మని అడిగాను, అందులో అడ్వాన్సు కలిపే. న్యాయమైన ధర అది.

కుదరదన్నాడు. ‘పాత యంత్రాలు ఇలాగే ఉంటాయి’ అన్నాడు. సరే, అడ్వాన్సు ఇచ్చేయమన్నాం. ‘మీ కోసం ఇంకొకర్ని పంపేశాను, అది నా నష్టానికి’ అన్నాడు. మా తోడల్లుడు గొంతు పెంచి మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు, ఆ రోజు విన్నాను. ‘నడుస్తుందని రాసి అమ్మావు, నడవట్లేదు’ అని స్వీడిష్‌లో పదేపదే అన్నాడు. అతను లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. దారి పొడవునా కారులో మాట లేదు. చాలాసేపటికి, ‘డబ్బు పోతే పోయింది అన్నయ్యా, అబద్ధం మన ఎదురుగానే నిలబడి చెప్పాడు చూడు’ అన్నాడు. నాకూ అదే మంట.

అందుకని నా మాట ఇది. ఎంత ఊరించినా ముందు డబ్బు పంపొద్దు. వెళ్లగానే సిలిండర్ తాకి చూడండి, వేడిగా ఉంటే చల్లబడేదాకా ఆగుతామనండి. సైలెన్సర్ విప్పనివ్వనివాడి దగ్గర ఏదీ కొనొద్దు.

బస చేసిన కట్టె ఇల్లు మాత్రం బాగుంది. రాత్రికి 950 క్రోనార్లు. దుప్పట్లు, తువాళ్లకు మనిషికి 120 వేరే, ఖాళీ చేసేటప్పుడు మనం శుభ్రం చేయకపోతే 600. అక్కడ ఇది మామూలే కాబట్టి దుప్పట్లు వెంట తీసుకెళ్లండి, గచ్చు మీరే తుడవండి. ఇంటావిడ డెబ్బై దాటిన మనిషి. నా పానాల పెట్టె చూసి కట్టెల కొట్టం తాళం తీసి ఇచ్చింది. అపార్ట్‌మెంటు సెల్లారుల్లో పెట్రోలు పెట్టనివ్వరు కాబట్టి, ఆ కొట్టం నాకు గదికంటే విలువైనది.

మర్నాడు హుస్క్వర్నా మ్యూజియం. యాన్‌షోపింగ్‌కు ఆనుకునే ఉన్న ఊరు. 1689లో జలపాతం పక్కన తుపాకీ గొట్టాలు తయారుచేసే కార్ఖానాగా మొదలై, కుట్టుమిషన్లు, మోటార్‌సైకిళ్లు, వంటింటి సామాను చేసి, 1959లో మోడల్ 90తో చైన్‌సాల్లోకి వచ్చింది ఆ కంపెనీ. అదే ఏడాది జర్మనీలో ష్టీల్ ‘కాంట్రా’ తెచ్చింది. గేర్లు లేకుండా ఇంజనే నేరుగా చైన్‌ను తిప్పే ఆ రంపం అడవి పనిని మార్చేసింది. 1929లో ష్టీల్ మొదటి పెట్రోలు రంపం బరువు 46 కిలోలు, ఇద్దరు మోయాలి. ముప్పై ఏళ్లలో అది ఒక్కడి చేతిలో పన్నెండు కిలోలయింది. రంపాల వరుస ముందు నిలబడితే ఆ ప్రయాణం అర్థమవుతుంది. మా తోడల్లుడు మోటార్‌సైకిళ్ల దగ్గరే ఆగిపోయాడు. సాయంత్రం దాకా ఉండొచ్చు, గంటలో ముగించాలని చూడకండి.

మా వెంట వచ్చిన ఆడవాళ్లకు, పిల్లలకు ఇదంతా విసుగే. వాళ్లను ముప్పై కిలోమీటర్లు ఉత్తరాన గ్రేనాలో దింపాం. ఎర్రగీతల పిప్పరమెంటు బిళ్లలకు పేరున్న ఊరు, ఎదుట వెట్టర్న్ సరస్సు. తిరిగి వచ్చేటప్పుడు అందరూ హుషారుగా ఉన్నారు.

ఆ దారిలోనే ఒక పశువుల కొట్టం ముందు ‘లొప్పిస్’ అని బోర్డు. ఇంట్లో పాత సామాను అమ్ముకునే చోటు. పింగాణీ, దీపాలు, పుస్తకాల వెనక బల్ల కింద ఎర్రటి జోన్‌సెరెడ్ 621, ఇంకో స్వీడన్ కంపెనీ రంపం. పెద్దాయన అడక్కముందే చెప్పాడు: ‘పదేళ్లుగా ముట్టలేదు. నడుస్తుందని నేననను. కావాలంటే విప్పి చూసుకో.’ స్టార్టర్ పిడి పట్టుకుని రంపాన్ని గాల్లో వేలాడదీశాను. ఒక్కసారి కిందికి జారిపోకుండా, ఆగి ఆగి దిగింది. కంప్రెషన్ ఉందని దానికి గుర్తు. సైలెన్సర్ విప్పితే పిస్టన్ మీద అడ్డగీతలన్నీ చెక్కుచెదరలేదు. 350 అన్నాడు. బేరమాడలేదు. చైన్ తిరిగే పాత బార్ ఒకటి, ఆకురాళ్ల డబ్బా ఒకటి ఊరికే ఇచ్చాడు.

రాత్రి కట్టెల కొట్టంలో దాన్ని విప్పాం. జిడ్డు పట్టిన ఇగ్నిషన్ పాయింట్లను సన్నటి ఉప్పుకాగితంతో రుద్దితే నీలం నిప్పు వచ్చింది. కార్బురేటర్‌లో పాత పెట్రోలు వార్నిష్‌లా గడ్డకట్టి ఉంది, ఇంధనాన్ని లోపలికి లాగే పల్చటి పొర, డయాఫ్రం, అట్టలా బిగుసుకుంది. నా దగ్గరున్న కిట్‌లోది వేశాను. ఇంధనం గొట్టం ముట్టుకుంటే విరిగింది, అదీ మార్చాం. పంపుల్లో పెట్రోలు వద్దు, అక్కడ డబ్బాల్లో దొరికే ఆల్కైలేట్ అనే శుభ్రమైన పెట్రోలు కొనండి, ఏళ్లు నిల్వ ఉన్నా చెడదు. అయితే ఏళ్ల తరబడి మామూలు పెట్రోలు తాగిన యంత్రంలో పాత రబ్బరు సీళ్లు దీనికి కుంచించుకుపోయి కారవచ్చు, అది ముందే చూసుకోవాలి. తాడు లాగే పని మా తోడల్లుడే తీసుకున్నాడు. అది అందుకున్నప్పుడు ఇంటావిడ కిటికీలోంచి చేతులు చరిచింది.

ఆ కంపెనీ పేరున్న జోన్‌సెరెడ్ గోథెన్‌బర్గ్ పక్కనే, ఆలింగ్సోస్ వైపు వెళ్లే లోకల్ రైలు ఆగే ఊరు. ఎర్ర ఇటుకల పాత కార్ఖానా భవనాలున్నాయి, ఒక పూట చాలు. హుస్క్వర్నా, జోన్‌సెరెడ్ కంపెనీలు రెండూ 1970ల చివర్లో ఎలక్ట్రోలక్స్ అనే స్వీడన్ కంపెనీ చేతికి వెళ్లాయి. ఆ తర్వాతి మోడళ్లకు ఒకదాని విడిభాగాలు ఇంకొకదానికి సరిపోవడం చూస్తాం. 621 అంతకు ముందుది, దానికి దానివే వెతకాలి.

విమానంలో తేవాలనుకుంటే ముందే విమానసంస్థను అడగండి. ఒక్కసారి పెట్రోలు పోసిన ఇంజనును చాలామంది సామానులోకి రానివ్వరు. మా 621 ప్రస్తుతం మా తోడల్లుడి ఇంట్లోనే, ట్యాంకు ఎండబెట్టి ఉంది. లొప్పిస్‌లు ఎక్కువగా జూన్ నుంచి ఆగస్టు దాకానే తెరుస్తారు, వెళ్తే అప్పుడే వెళ్లండి.