భూకంపం వచ్చిన అరగంటకు: యూఎస్‌జీఎస్ ‘పేజర్’ను ఎలా చదవాలి?

భూకంప పరిమాణం 7.7 అని తెలిసినంత మాత్రాన సాయం ఎంత పంపాలో తేలదు. జనం ఉన్నచోట నేల ఎంత ఊగింది, అక్కడి ఇళ్లు ఎలాంటివి అన్నది తెలియాలి. అమెరికా భూగర్భ పరిశీలన సంస్థ యూఎస్‌జీఎస్ ఉచితంగా ఇచ్చే నష్ట అంచనా పత్రం ‘పేజర్’ ఆ లెక్కను దాదాపు అరగంటలో ఒక్క పేజీలో పెడుతుంది. మొదటి గంటలో ఇంతకంటే పనికొచ్చే కాగితం మాకు తెలిసి లేదు.

ఎక్కడ ఎంత ఊగిందో చూపే ‘షేక్‌మ్యాప్’ పటంలోని కంపన తీవ్రతను, ‘ల్యాండ్‌స్కాన్’ అనే జనాభా పటాన్ని, ఆ దేశంలో పాత భూకంపాల నష్టాన్ని కలిపి హెచ్చరిక రంగు తేలుస్తారు. మరణాల అంచనా 1–99 అయితే పసుపు, 100–999 నారింజ, 1,000 దాటితే ఎరుపు. ఆస్తి నష్టానికి రంగు వేరే ఉంటుంది. అక్కడ ఎరుపంటే 100 కోట్ల డాలర్లు, ఆపైన.

చాలామంది రంగు దగ్గరే ఆగిపోతారు. దాని కింద ఉన్న కడ్డీలు చూడాలి. ఒక్కో కడ్డీ మృతుల సంఖ్యలో ఒక గడి; ఒక్కో గడి ముందుదానికి పది రెట్లు, మృతులు ఆ గడిలో ఉండే అవకాశం ఎంతో ఒక్కోదానికి ఒక్కో శాతం. 2025 మార్చి 28న మయన్మార్‌లో మృతులు 10 వేలు దాటవచ్చన్న అంచనా వార్తల్లో మారుమోగింది. ప్రభుత్వ లెక్క 4 వేల లోపే. అత్యధిక శాతమున్న గడిని మృతుల సంఖ్యగా చదివితే ఇలాగే అవుతుంది. పక్క గడుల శాతాలూ రాయండి.

పేజీ పైన వెర్షన్ నంబరు, తయారైన సమయం తప్పక చూడండి. తొలి వెర్షన్లు భూకంపాన్ని ఒక బిందువుగానే లెక్కిస్తాయి. మయన్మార్‌లో సగైంగ్ భ్రంశం (భూమి పొరల్లోని పగులు) దక్షిణంగా వందల కిలోమీటర్లు చీలింది, అందుకే ఎంతో దూరాన ఉన్న రాజధాని నేపిడా కూడా దెబ్బతింది. చీలిక పొడవు తేలాక వచ్చే వెర్షన్‌లో ఏ ఊళ్లో ఎంత తీవ్రత అన్న పట్టిక బాగా మారవచ్చు.

ఆ పేజీలో అక్కడి కట్టడాల గురించిన రెండు వాక్యాలు వదిలేయకండి. 1993లో లాతూర్‌ భూకంపం 6.2 మాత్రమే, మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు కూలి దాదాపు 10 వేలమంది చనిపోయారు.

సునామీ పేజర్ లెక్కలోకి రాదు. కొండచరియలకు ‘గ్రౌండ్ ఫెయిల్యూర్’ అనే వేరే పేజీ ఉంది. దూరపు ఎత్తైన భవనాలకూ పేజర్ సరిపోదు: మయన్మార్ భూకంపంలో బ్యాంకాక్ మెత్తటి బంకమట్టి నెమ్మదైన భూకంప అలలను పెంచింది, దాదాపు 1,000 కిలోమీటర్ల దూరాన నిర్మాణంలో ఉన్న భవనం కూలింది.

అమెరికా బయట సాధారణంగా 5.5, ఆపై భూకంపాలకే పేజర్ వస్తుంది. 2024 డిసెంబరు 4న ములుగులో వచ్చిన 5.3 లాంటివాటికి జాతీయ భూకంప కేంద్రం వివరాలు చూసుకోవాలి.